మాటర్ డే హైస్కూల్: చరిత్ర, ఆటలు, అడ్మిషన్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో ఎనిమిదో తరగతి పిల్లలున్న తెలుగు ఇళ్లలో అక్టోబర్ రాగానే ఇవే సందేహాలు మొదలవుతాయి. ఇర్వైన్, టస్టిన్, అనహైమ్ హిల్స్ వైపు నుంచి వచ్చిన ప్రశ్నలన్నీ, అడిగినవాళ్ల మాటల్లోనే, ఇక్కడ ఒకచోట పెట్టాను. ఇది స్కూల్ వాళ్ల పేజీ కాదు. ఫీజులు, పరీక్ష తేదీలు ఏటా మారతాయి కాబట్టి వాటికి స్కూల్ సైటే ప్రమాణం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## అసలు ఇది ఏ బడి

మాటర్ డే అంటే ఏంటి? అందరూ ఆ పేరే ఎందుకు చెబుతారు?

శాంటా ఆనా నగరంలో ఎడింగర్ అవెన్యూ మీద ఉన్న క్యాథలిక్ హైస్కూల్ ఇది. అమ్మాయిలు, అబ్బాయిలు కలిసి చదువుతారు. 9 నుంచి 12వ తరగతి దాకా ఉంటుంది. 1950లో మరియమాత పేరు మీద మొదలైంది. 2000కు పైగా పిల్లలున్నారు, ఒక ప్రైవేటు హైస్కూల్‌కి అది చాలా పెద్ద సంఖ్య. ఎరుపు, బూడిద రంగులు స్కూల్ రంగులు. జట్లన్నిటినీ ‘మొనార్క్స్’ అంటారు. పేరు మోగడానికి కారణం మాత్రం ముఖ్యంగా ఆటలే. అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌లో దేశంలోనే ముందు వరుసలో ఉండే జట్లు ఇక్కడివి.

1950లోనే, అదీ శాంటా ఆనాలోనే ఎందుకు పెట్టారు?

జనాభా లెక్కలు చూస్తే సంగతి తెలుస్తుంది. 1940లో ఆరెంజ్ కౌంటీ జనాభా లక్షా 30 వేలు. 1950కి 2 లక్షల 16 వేలయింది. 1960 వచ్చేసరికి ఏకంగా 7 లక్షలు దాటింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, విమాన పరిశ్రమలో ఉద్యోగాలు, చవకగా ఇంటి స్థలాలు, అన్నీ ఒక్కసారే కలిసొచ్చాయి. నారింజ తోటలు కొట్టేసి కాలనీలు వేశారు. 1955లో తెరిచిన డిస్నీలాండ్ కూడా అలా తోటలు తీసేసిన నేల మీద కట్టిందే.

ఆ కొత్త కాలనీల్లో క్యాథలిక్ కుటుంబాలు చాలా ఉండేవి. 1948లో లాస్ ఏంజెలెస్ ఆర్చ్‌బిషప్‌గా వచ్చిన జేమ్స్ ఫ్రాన్సిస్ మెకింటైర్ బడులు కట్టడమే పెద్ద పనిగా పెట్టుకున్న మనిషి. మాటర్ డే ఆ ఊపులో వచ్చిన బడే. అప్పట్లో కౌంటీకి శాంటా ఆనాయే ముఖ్య పట్టణం, ఇప్పటికీ కౌంటీ కేంద్రం అదే. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఇర్వైన్ నగరంగా ఏర్పడింది 1971లో, అంటే ఈ బడి పెట్టిన 21 ఏళ్లకి.

ఇది లాస్ ఏంజెలెస్ చర్చి కింద ఉంటుందా, ఆరెంజ్ కిందా?

ఇప్పుడు ఆరెంజ్ మేత్రాసనం (డయోసిస్, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతం) కింద ఉంది. 1976 దాకా ఈ కౌంటీ మొత్తం లాస్ ఏంజెలెస్ అగ్ర మేత్రాసనంలో భాగం. ఆ ఏడాది ఆరెంజ్‌ని విడదీసి ప్రత్యేక మేత్రాసనం చేశారు, దాంతో బడి కూడా కొత్త బిషప్ చేతికి వచ్చింది. తల్లిదండ్రులకు దీనివల్ల రోజువారీ తేడా ఏమీ ఉండదు. కాకపోతే పెద్ద ఫిర్యాదు ఏదైనా ఉంటే ప్రిన్సిపాల్, స్కూల్ ప్రెసిడెంట్ దాటాక అది వెళ్లేది మేత్రాసనం కార్యాలయానికే.

క్యాథలిక్ బడుల్లో అమ్మాయిలు, అబ్బాయిలు వేరువేరు కదా?

ఒకప్పుడు చర్చి కోరుకున్నది అదే. 1929లో పోప్ 11వ పయస్ రాసిన విద్యా సందేశంలో సహ విద్యను గట్టిగానే తప్పుపట్టారు. కానీ కొత్తగా లేచిన శివారు ప్రాంతాల్లో రెండు బడులు, రెండు జిమ్‌లు, సన్యాసినులకి రెండు వసతి గృహాలు అంటే ఏ మేత్రాసనానికైనా మాటలు కాదు. అందుకే ఆచరణలో సహ విద్య అమెరికా అంతటా పెరిగింది.

ఈ కౌంటీలోనే రెండు పద్ధతులూ కనిపిస్తాయి. అనహైమ్‌లోని సర్వైట్ అబ్బాయిలది, ఫుల్లర్టన్‌లోని రోజరీ అమ్మాయిలది. మాటర్ డే, శాంటా మార్గరీటా, జెసెర్రా కలిసి చదివే బడులు. అన్నాచెల్లెళ్లు ఒకే బడిలో ఉంటే పొద్దున్నే ఒక్క కారు సరిపోతుంది. చాలామంది ఈ బడి ఎంచుకోవడానికి బయటికి చెప్పని కారణం ఇది కూడా!

శాంటా ఆనా ఏరియా సేఫేనా అండీ?

ఈ ప్రశ్న వెనక అసలు భయం ఏంటో అందరికీ తెలుసు. శాంటా ఆనా ఎక్కువగా లాటినో కుటుంబాలుండే, కష్టపడి బతికే పాత నగరం. ఇర్వైన్ లాగా ప్లాన్ గీసి కట్టిన ఊరు కాదు. స్కూల్ ఆవరణకి గేట్లు, సెక్యూరిటీ ఉన్నాయి. పిల్లలు కౌంటీ నలుమూలల నుంచీ వస్తారు. టెన్షన్ పడాల్సింది పొద్దుటి ట్రాఫిక్ గురించి. ఏదో ఒక సోమవారం బడి టైమ్‌కి మీ ఇంటి నుంచి ఒకసారి డ్రైవ్ చేసి చూసుకోండి.

## దరఖాస్తుకు ముందు

మేం హిందువులం. మా పిల్లల్ని తీసుకుంటారా?

తీసుకుంటారు. క్యాథలిక్కులు కానివాళ్లు కూడా ఇక్కడ చదువుతారు. మతం మారమని ఎవరూ అడగరు, బాప్తిస్మం అవసరం లేదు. మనలో చాలామంది ఊళ్లో కాన్వెంట్ బడుల్లో చదువుకున్నవాళ్లమే, ఆ వాతావరణం కొత్తేమీ కాదు. అయితే దరఖాస్తులో మతం, చర్చి వివరాలు అడిగే చోట ఉన్నదున్నట్టు రాయండి. ‘క్యాథలిక్ అని రాస్తే సీటు సులువట’ అన్న పుకారు విని అబద్ధం రాయకండి. పారిష్ (మీ ప్రాంతపు చర్చి) నుంచి ఉత్తరం అడిగితే అప్పుడేం చేస్తారు?

మాస్‌కి వెళ్లాలా? బైబిల్ క్లాసు తప్పదా?

స్కూల్ మొత్తం కలిసి చేసుకునే దివ్యబలి పూజకి పిల్లలందరూ హాజరవ్వాలి. కూర్చోవడం, లేవడం, నిశ్శబ్దంగా ఉండడం మర్యాద. పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) మాత్రం క్యాథలిక్కులకే. మిగతావాళ్లు వరుసలో వెళ్లి చేతులు గుండె మీద అడ్డంగా పెట్టుకుంటే గురువు ఆశీర్వదిస్తారు, లేదా తమ చోటే కూర్చోవచ్చు. మొదటి రోజే ఈ సంగతి పిల్లలకి చెప్పి పంపండి. తెలియక చేయి చాపితే ఇబ్బంది పడేది వాళ్లే.

థియాలజీ ఇక్కడ లెక్కల్లాగే మార్కులున్న సబ్జెక్టు. తేలికగా తీసుకుంటే జీపీఏ దెబ్బ తింటుంది. క్రైస్తవం గురించి ఏమీ తెలియని పిల్లలు కూడా చదివితే మంచి మార్కులే తెచ్చుకుంటారు. ఇంట్లో పండగలు, పూజలు మానుకోవాల్సిన పనేమీ లేదు.

ఎంట్రన్స్ పరీక్ష ఉంటుందట కదా. కోచింగ్ పెట్టించాలా?

ఎనిమిదో తరగతి పిల్లలకి చలికాలంలో హెచ్‌ఎస్‌పీటీ అనే పరీక్ష పెడతారు. ఆరెంజ్ కౌంటీలోని క్యాథలిక్ హైస్కూళ్లకి మామూలుగా ఇదే పరీక్ష. ఇందులో ఐదు భాగాలుంటాయి: మాటల తర్కం, అంకెల తర్కం, చదివి అర్థం చేసుకోవడం, లెక్కలు, భాష. మొత్తం 298 ప్రశ్నలు, సుమారు రెండున్నర గంటలు. ప్రశ్నలు కష్టం కాదు, టైమ్ తక్కువ. ఒక్కో ప్రశ్నకి సగటున అర నిమిషమే వస్తుంది.

కోచింగ్ సెంటర్ అక్కర్లేదని నా అభిప్రాయం. పాత నమూనా పేపర్లు గడియారం పెట్టుకుని రాయిస్తే చాలు. ఈ మార్కులతోపాటు ఏడు, ఎనిమిది తరగతుల గ్రేడ్లు, టీచర్ల సిఫార్సులు కూడా చూస్తారు. ఐఐటీ ఫౌండేషన్ లాగా ఆరో తరగతి నుంచే దీనికి తయారు చేసే ఇళ్లున్నాయి. ఆ పిల్లల్ని చూస్తే జాలేస్తుంది.

ఫీజు సంగతి?

ట్యూషన్ ఎంతన్నది ఏటా సైట్‌లో పెడతారు, అది చూడండి. మనవాళ్లు లెక్కలో మరిచిపోయేవి వేరే ఉంటాయి. రిజిస్ట్రేషన్, పుస్తకాలు, యూనిఫాం, ఆటలో చేరితే ఆ ఆటకి ఫీజు, బూట్లు, కిట్లు, నిధుల సేకరణలో ఇంటికొచ్చే వాటా, రోజూ పెట్రోలు. నాలుగేళ్లకి కలిపి లెక్క వేయండి, రెండో పిల్లో పిల్లాడో వెనకే ఉంటే వాళ్లదీ కలపండి. ఆర్థిక సాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికి గడువు వేరుగా ఉంటుంది. అడగడానికి మొహమాటపడకండి.

ఇర్వైన్ పబ్లిక్ స్కూళ్లే బాగుంటాయి కదా, డబ్బు కట్టి ఇక్కడికెందుకు?

ఒక్క చదువు కోసమే అయితే నేనూ అదే అంటాను. ఇర్వైన్ హైస్కూళ్లలో ఏపీ (కాలేజీ స్థాయి) క్లాసులు, సైన్స్ ఒలింపియాడ్, మనలాంటి పిల్లలు, అన్నీ ఉన్నాయి. మాటర్ డే ఎంచుకునేవాళ్లకి కావాల్సింది వేరే. క్రమశిక్షణ, యూనిఫాం, మతం చుట్టూ అల్లుకున్న ఒక జీవన పద్ధతి, ఒకరికొకరు దశాబ్దాల పాటు అండగా నిలిచే పూర్వ విద్యార్థులు. తాత, తండ్రి, మనవడు ముగ్గురూ ఇక్కడే చదివిన ఇళ్లు కనిపిస్తాయి. ఆ బంధంలోకి బయటినుంచి వచ్చే మన పిల్లలు కలుస్తారా అంటే, కలుస్తారు, కానీ ముందు చొరవ చేయాల్సింది మనమే. ర్యాంకు చూసి చేర్పించి తర్వాత ‘ఇక్కడ కాంపిటీషన్ లేదు’ అని బాధపడేవాళ్లకి మాత్రం ఇది తగిన బడి కాదు.

మావాడు క్రికెట్‌లో, బ్యాడ్మింటన్‌లో బాగా ఆడతాడు. ఆటల కోటాలో సీటు వస్తుందా?

మనూళ్లో ఉండే స్పోర్ట్స్ కోటా లాంటిదేదీ ఇక్కడ లేదు. హైస్కూల్ ఆటల్ని నడిపే కాలిఫోర్నియా ఇంటర్‌స్కొలాస్టిక్ ఫెడరేషన్, అందరూ సీఐఎఫ్ అంటారు, ఆట కోసం పిల్లల్ని ఆకర్షించడాన్ని నిషేధించింది. కోచ్ ఫోన్ చేసి రమ్మనడం, ఆట చూసి ఫీజు తగ్గిస్తామనడం నిబంధనకి విరుద్ధం. తేలితే పిల్లాడికీ, బడికీ శిక్ష పడుతుంది. పిల్లల్ని గాలం వేసి లాగుతున్నారన్న మాట ఈ ప్రాంతపు పెద్ద ప్రైవేటు బడులన్నిటి మీదా ఎప్పుడూ ఉన్నదే. మీరు మాత్రం ముందు అడ్మిషన్ ఆఫీసుతోనే మాట్లాడండి. క్రికెట్ అయితే సీఐఎఫ్ ఆటల్లో లేదు.

## చేరాక, ఆటల్లోకి

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాలేనా?

కాదు. హెల్మెట్లు, ప్యాడ్లు పెట్టుకుని కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడేదే ఇక్కడ ఫుట్‌బాల్. మనదాన్ని సాకర్ అంటారు, అది కూడా ఉంది, చలికాలంలో ఆడతారు. ‘ఫుట్‌బాల్ రాసుకున్నాను’ అని పిల్లాడు సంతకానికి కాగితం తెస్తే ఏ ఆటో ఒకసారి అడిగి సంతకం పెట్టండి.

ఏ ఆట ఎప్పుడు ఉంటుంది?

ఏడాదిని మూడు సీజన్లుగా చూస్తారు. ఆగస్టు నుంచి నవంబర్ దాకా ఫుట్‌బాల్, క్రాస్ కంట్రీ పరుగు, అబ్బాయిల వాటర్ పోలో, అమ్మాయిల వాలీబాల్, టెన్నిస్, గోల్ఫ్. చలికాలంలో బాస్కెట్‌బాల్, సాకర్, రెజ్లింగ్, అమ్మాయిల వాటర్ పోలో. ఫిబ్రవరి నుంచి మే దాకా బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్, ఈత, ట్రాక్, లక్రాస్, అబ్బాయిల వాలీబాల్, టెన్నిస్, గోల్ఫ్. 2023 నుంచి అమ్మాయిల ఫ్లాగ్ ఫుట్‌బాల్‌ని కూడా సీఐఎఫ్ అధికారికంగా చేర్చింది. ఇది దక్షిణ కాలిఫోర్నియా క్యాలెండర్. ఏ ఏడాది ఏ జట్టు ఉందో అథ్లెటిక్స్ పేజీలో చూడాలి.

మావాడు సన్నగా పుల్లలా ఉంటాడు. ఏ ఆటలో పెట్టాలి?

క్రాస్ కంట్రీ. మామూలుగా ఇందులో వడపోత ఉండదు, ఉన్నా తక్కువ. మూడు మైళ్ల పరుగు, ఖరీదైన సామాను అక్కర్లేదు, ఒక జత మంచి బూట్లు చాలు. వేసవిలోనే సాధన మొదలవుతుంది, కాబట్టి ఆగస్టులో బడి తెరిచేసరికి పిల్లాడికి ఇరవై ముప్పై మంది పరిచయమై ఉంటారు. మధ్యాహ్న భోజనానికి ఎవరి పక్కన కూర్చోవాలా అన్న బెంగ ఉండదు. తొమ్మిదో తరగతిలో కొత్త బడికి వెళ్లే పిల్లలకి ఇంతకంటే మంచి మార్గం నాకు కనిపించలేదు. ఆపైన ట్రాక్, టెన్నిస్, ఈత ఉండనే ఉన్నాయి.

బాస్కెట్‌బాల్ జట్టులో చోటు మీద ఆశ పెట్టుకుంటే మాత్రం నిజం చెప్పాలి. ఇక్కడ మెయిన్ జట్టులో ఆడేవాళ్లలో చాలామంది అప్పటికే కాలేజీ కోచ్‌ల కంట్లో పడ్డవాళ్లు.

వార్సిటీ, జేవీ, ఫ్రోష్ అంటే ఏంటి?

వార్సిటీ అంటే ఆ ఆటలో బడి ప్రధాన జట్టు. జేవీ దాని కింద జట్టు, ఫ్రోష్ అంటే తొమ్మిదో తరగతి పిల్లలది. ట్రైఅవుట్‌లో కోచ్‌లు చూసి వేస్తారు. మాటర్ డే లాంటి చోట వేరే బడిలో వార్సిటీ ఆడగల పిల్లాడు కూడా రెండేళ్లు జేవీలో ఉండిపోవచ్చు. ‘మావాణ్ని ఎందుకు ఆడించడం లేదు’ అని మ్యాచ్ అయిన వెంటనే కోచ్‌ని పట్టుకోకండి. పిల్లాడే వెళ్లి ‘నేను ఏం మెరుగుపరుచుకోవాలి’ అని అడిగితే కోచ్‌లు విసుక్కోరు.

ఆడాలంటే మార్కులు ఉండాలా?

ఉండాలి. సీఐఎఫ్ నిబంధన ప్రకారం గడిచిన గ్రేడింగ్ కాలంలో సగటు 2.0, అంటే సీ గ్రేడు, తగ్గకూడదు. చాలినన్ని క్రెడిట్లు కూడా ఉండాలి. తొమ్మిదో తరగతిలో చేరిన రోజు నుంచి ఎనిమిది సెమిస్టర్లే ఆడే అర్హత. జూన్ 15 లోపు 19 ఏళ్లు నిండితే ఆ తర్వాతి ఏడాది ఆడనివ్వరు. ఏటా డాక్టర్ దగ్గర ఫిజికల్ చేయించి ఫారం ఇవ్వాలి. ఆ ఫారం లేక మొదటి వారం సాధన బయట కూర్చుని చూసే పిల్లలు ప్రతి ఆగస్టులోనూ కనిపిస్తారు. జూలైలోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి.

పబ్లిక్ స్కూల్లో తొమ్మిది చదివి పదికి ఇక్కడికి మారితే వెంటనే ఆడొచ్చా?

ఇల్లు మారకుండా బడి మారితే మామూలుగా ‘సిట్ అవుట్’ ఉంటుంది. అంటే సీజన్ మొదట్లో కొన్ని వారాలు వార్సిటీలో ఆడనివ్వరు, సీఐఎఫ్ ప్రకటించిన తేదీ దాటాక ఆడొచ్చు. కుటుంబమంతా నిజంగా ఇల్లు మారితే పూర్తి అర్హత వస్తుంది. నిజంగా అంటే నిజంగానే. వేరొకరి అడ్రస్ చూపించి, కాగితాల్లో మాత్రం మారినట్టు పెట్టి దొరికిపోతే ఏళ్లతరబడి ఆటకి దూరమయ్యే ప్రమాదం ఉంది. తొమ్మిదో తరగతిలోనే నేరుగా చేరేవాళ్లకి ఈ గొడవ లేదు.

ఫుట్‌బాల్‌లో తలకి దెబ్బలంట కదా. పంపించొచ్చా?

భయం సహజం, దాన్ని కొట్టిపారేయను. ఇక్కడి చట్టాలు ఈ విషయంలో కాస్త గట్టివి. 2014లో వచ్చిన చట్టం ప్రకారం సీజన్‌లో పూర్తిగా ఢీకొనే సాధన వారానికి రెండు రోజులే, రోజుకి 90 నిమిషాలు మించకూడదు. తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం వచ్చినా ఆ రోజు ఇక ఆడనివ్వకూడదు. డాక్టర్ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే మళ్లీ ఆట. కంకషన్ (దెబ్బ వల్ల మెదడు అదిరిపోవడం) అని తేలితే మెల్లగా, కనీసం ఏడు రోజులు పట్టే పద్ధతిలోనే తిరిగి దింపాలి. పిల్లలు మాత్రం చోటు పోతుందని నొప్పి దాచేస్తారు. రాత్రి ఇంటికొచ్చాక తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం, మతిమరుపు లాంటివి కనిపిస్తే మీరే ఆపేయండి. మా ఇంట్లో అయితే ఫుట్‌బాల్ వద్దనే అనుకున్నాం.

## జట్ల కథ

ముగ్గురు హైస్మన్ విజేతలు ఒకే బడి నుంచా? నిజమేనా?

నిజమే. హైస్మన్ అంటే ఏటా దేశంలోని ఉత్తమ కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే ట్రోఫీ. మాటర్ డేలో చదివిన జాన్ హువార్టే నోటర్ డామ్ తరఫున 1964లో, మాట్ లైనార్ట్ యూఎస్‌సీ తరఫున 2004లో, బ్రైస్ యంగ్ అలబామా తరఫున 2021లో గెలిచారు. ముగ్గురూ క్వార్టర్‌బ్యాక్‌లే. బంతి అందుకుని ఎవరికి విసరాలో క్షణాల్లో తేల్చే స్థానం అది.

నాకు ఈ ముగ్గురిలో హువార్టే కథ ఇష్టం. నోటర్ డామ్‌లో మొదటి ఏళ్లలో ఆయన్ని బెంచీ మీదే కూర్చోబెట్టారు. చివరి ఏడాది కొత్త కోచ్ వచ్చి ఆడించాడు, ఆ ఒక్క సీజన్‌తోనే హైస్మన్ వచ్చింది. బ్రైస్ యంగ్ మొదట లాస్ ఏంజెలెస్‌లోని క్యాథీడ్రల్ హైస్కూల్లో ఆడి తర్వాత ఇక్కడికి మారాడు, 2023లో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునేటప్పుడు, మొట్టమొదటి ఎంపిక అతనే. పక్కనున్న శాంటా మార్గరీటా నుంచి కూడా ఒక హైస్మన్ విజేత ఉన్నాడు, కార్సన్ పామర్, 2002లో. అతనూ క్వార్టర్‌బ్యాకే!

ఫుట్‌బాల్‌లో ఇప్పటిదాకా ఏం గెలిచారు?

1994, 1996లో యూఎస్‌ఏ టుడే పత్రిక వీళ్లకి దేశంలో మొదటి ర్యాంకు ఇచ్చింది. ఆ జట్ల కోచ్ బ్రూస్ రోలిన్సన్. ఇదే బడిలో చదివి, 1989లో కోచ్‌గా పగ్గాలు పట్టి, 2022 సీజన్ దాకా ఉన్నాడు. ఆ 34 ఏళ్లూ ఒకేలా సాగలేదు. 1999 తర్వాత సెక్షన్ (సీఐఎఫ్‌లో దక్షిణ ప్రాంతపు విభాగం) ఛాంపియన్‌షిప్ కోసం 2017 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మధ్యకాలంలో కోచ్‌ని మార్చాలన్నవాళ్లు తక్కువేమీ కాదు.

2017లో రాష్ట్ర ఓపెన్ డివిజన్ (అన్నిటికంటే పై స్థాయి) ఫైనల్లో డి లా సాల్ హైస్కూల్ జట్టుని 52-21తో ఓడించారు. 2018లో అదే జట్టు మీద 35-21. 2021లో శాన్ మటేయోకి చెందిన సెర్రా మీద 44-7, 2023లో మళ్లీ సెర్రా మీద 35-0. 2024లో డి లా సాల్ మీద 37-15. ఆ డి లా సాల్ అంటే 1992 నుంచి 2003 దాకా వరసగా 151 మ్యాచ్‌లు గెలిచిన జట్టు. ఒకప్పుడు మాటర్ డే కూడా దాని చేతిలో ఓడింది. 2017 గెలుపు అందుకే పాతవాళ్లకి అంత తీపి.

బాస్కో మ్యాచ్ అంటే అంత హడావుడి ఎందుకు?

బెల్‌ఫ్లవర్‌లోని సెయింట్ జాన్ బాస్కో, మాటర్ డే రెండూ ట్రినిటీ లీగ్ అనే బడుల గుంపులోనే ఉంటాయి. దేశంలో ఒకటి, రెండు ర్యాంకుల జట్లు మామూలు లీగ్ మ్యాచ్‌లో తలపడటం ఇంకెక్కడా అంత తరచుగా జరగదు. పైగా చాలా ఏళ్లు రెండోసారి సెక్షన్ ఫైనల్లోనూ కలుస్తాయి. ఇందులో ఒక వింత ఉంది. 2018, 2019, 2022, 2023లో లీగ్ మ్యాచ్ ఓడిన జట్టే ఫైనల్ గెలిచింది. ఆ ఫైనల్స్‌లో 2018లో మాటర్ డే 17-13, 2019లో బాస్కో 39-34, 2022లో బాస్కో 24-22, 2023లో మాటర్ డే 35-7తో నెగ్గాయి. మొదటి మ్యాచ్ గెలిచి సంబరపడే పిల్లల్ని చూసి పాత అభిమానులు ఊరికే నవ్వుకోరు మరి.

బాస్కెట్‌బాల్‌కి అంత పేరెలా వచ్చింది?

ఒక్క మనిషి పేరు చెప్పాలంటే గ్యారీ మెక్‌నైట్. 1982లో వచ్చి నాలుగు దశాబ్దాలకు పైగా కోచ్‌గా ఉన్నాడు, వెయ్యికి పైగా మ్యాచ్‌లు గెలిచాడు. కాలిఫోర్నియా హైస్కూల్ బాస్కెట్‌బాల్‌లో అన్ని విజయాలు ఇంకెవరికీ లేవు. 2011 నుంచి 2014 వరకు వరసగా నాలుగేళ్లు రాష్ట్ర ఛాంపియన్లు. 2013లో రాష్ట్రం కొత్తగా ఓపెన్ డివిజన్ పెడితే మొదటి టైటిల్ కూడా వీళ్లదే. ఆ నాలుగేళ్లూ జట్టులో ఉన్న స్టాన్లీ జాన్సన్ తర్వాత ఎన్‌బీఏకి వెళ్లాడు. 1997లో అరిజోనా యూనివర్సిటీ జాతీయ టైటిల్ గెలిచినప్పుడు ఫైనల్ ఫోర్‌లో (చివరి నాలుగు జట్ల పోటీలో) ఉత్తమ ఆటగాడిగా నిలిచిన మైల్స్ సైమన్ కూడా ఇక్కడివాడే.

లెబ్రాన్ జేమ్స్ ఇక్కడ చదివాడని విన్నాం?

లేదు. ఒహాయోలోని ఏక్రన్‌లో సెయింట్ విన్సెంట్-సెయింట్ మేరీ అనే బడిలో చదివాడు. అదీ సహ విద్య ఉన్న క్యాథలిక్ హైస్కూలే, ఆ పోలిక వల్ల ఈ పుకారు పుట్టి ఉంటుంది. 2003 జనవరిలో ఆ బడి జట్టు లాస్ ఏంజెలెస్ వచ్చి యూసీఎల్‌ఏ వాళ్ల పాలీ పెవిలియన్‌లో మాటర్ డేతో ఆడింది. హైస్కూల్ మ్యాచ్‌ని జాతీయ టీవీలో చూపించారు. లెబ్రాన్ జట్టు 64-58తో గెలిచింది.

అమ్మాయిల ఆటలకి కూడా అంత ప్రాధాన్యం ఉందా?

ఉంది, వార్తల్లోనే తక్కువ. కనెటికట్ యూనివర్సిటీకి ఆడి కాలేజీలో 398 మూడు పాయింట్ల బుట్టలు వేసి అప్పటికి రికార్డు పెట్టిన కలీనా మస్కేడా-లూయిస్ ఇక్కడి విద్యార్థిని. మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ దాకా వెళ్లిన కార్లీ, కేటీ లూ శామ్యూల్సన్ అక్కచెల్లెళ్లు కూడా మాటర్ డేకి ఆడినవాళ్లే. అమ్మాయిలకి ఆటల్లో సమాన అవకాశాల మాట దేశంలో గట్టిగా వినిపించింది 1972 నాటి టైటిల్ 9 చట్టం తర్వాతే. దాని ఫలం ఈ తరం అనుభవిస్తోంది. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్‌కి వేలమంది వస్తే, మంగళవారం సాయంత్రం అమ్మాయిల వాలీబాల్‌కి తల్లిదండ్రులే కనిపిస్తారు. వెళ్లి చూడండి, ఆట ఏమాత్రం తక్కువ ఉండదు.

హేజింగ్ (ర్యాగింగ్ లాంటిది), వేధింపుల కేసుల గురించి చదివాం. నిజమెంత?

దాచాల్సిన విషయం కాదు. ఫుట్‌బాల్ జట్టు లాకర్ గదిలో ‘బాడీస్’ అనే కొట్టుకునే ఆటలో ఒక విద్యార్థి మెదడుకి గాయమైందని ఆరోపిస్తూ 2021 నవంబర్‌లో అతని కుటుంబం బడి మీద, మేత్రాసనం మీద దావా వేసింది. వార్త దేశమంతా పాకింది. బయటి సంస్థతో విచారణ చేయిస్తామని అప్పటి స్కూల్ ప్రెసిడెంట్ ఆ డిసెంబర్‌లో ప్రకటించారు, కొద్ది వారాలకే ఆయన ఆ పదవిలో లేరు. అంతకుముందు, 2005 ప్రాంతంలో, చర్చి సిబ్బంది లైంగిక వేధింపులకి సంబంధించి ఆరెంజ్ మేత్రాసనం బాధితులకి సుమారు 10 కోట్ల డాలర్ల పరిహారం ఒప్పుకుంది. ఆ ఫిర్యాదుల్లో ఈ బడికి సంబంధించినవి కూడా ఉన్నాయి.

టూర్‌కి వెళ్లినప్పుడు మొహమాటం లేకుండా అడగండి. లాకర్ గదిలో పెద్దవాళ్లు ఎవరుంటారు? ఫిర్యాదు ఎవరికి చేయాలి? పేరు చెప్పకుండా చేయొచ్చా? చెప్పాక ఎన్ని రోజుల్లో జవాబిస్తారు? జవాబు చెప్పేవాళ్లు తడబడుతున్నారా, సూటిగా చెబుతున్నారా చూస్తే చాలా అర్థమవుతుంది. ట్రోఫీల గది చూపించడానికి ఇచ్చినంత సమయం ఈ ప్రశ్నలకి కూడా ఇవ్వాలి.

చేరకపోయినా ఒక మ్యాచ్ చూడాలని ఉంది. ఎక్కడికి వెళ్లాలి?

ఫుట్‌బాల్ సొంత మ్యాచ్‌లు ఎక్కువగా శాంటా ఆనా స్టేడియంలో, దాన్నే శాంటా ఆనా బౌల్ అంటారు. బాస్కెట్‌బాల్ స్కూల్ ఆవరణలోనే మెరుయెలో అథ్లెటిక్ సెంటర్‌లో. ఫుట్‌బాల్‌కి శుక్రవారం రాత్రి ఏడుకి మొదలంటే ఆరుకే వెళ్లండి. పార్కింగ్ కష్టం, టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. ఒక్కో క్వార్టర్ 12 నిమిషాలే అయినా మ్యాచ్ రెండున్నర గంటలు పడుతుంది.

ఆట అర్థం కాకపోతే పక్కకి చూడండి. తెల్ల చొక్కాలేసుకున్నవాళ్లు గొలుసు కట్టిన రెండు కర్రలు పట్టుకుని గీత వెంబడి అటూఇటూ పరుగెడుతుంటారు. ఆ గొలుసు పొడవు పది గజాలు. నాలుగు ప్రయత్నాల్లో బంతి ఆ దూరం దాటిందా లేదా అన్నదే ఆటంతా. దాటితే ఎర్ర రంగు జనమంతా లేచి నిలబడతారు, బ్యాండ్ మోగుతుంది. మీరు కూడా లేవొచ్చు. రాత్రి చలిగా ఉంటుంది, స్వెట్టర్ మరిచిపోకండి.

## చివరి రెండేళ్లు, కాలేజీ

ఇక్కడ ఆడితే కాలేజీ స్కాలర్‌షిప్ వస్తుందా?

వచ్చేవాళ్లున్నారు. కానీ కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ లెక్కల్లోనే, హైస్కూల్లో ఆడే పిల్లల్లో కాలేజీ ఆటకి చేరేది సుమారు 7 శాతం, కాలేజీ ఆటల్లో అన్నిటికంటే పైదైన డివిజన్ 1 స్థాయికి వెళ్లేది 2 శాతం చుట్టుపక్కల. మాటర్ డే ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ప్రధాన జట్లలో ఈ నిష్పత్తి ఎంతో మెరుగు, ఎందుకంటే అక్కడికి చేరేదే ఆ స్థాయి పిల్లలు. బడి వల్ల ఆటగాడయ్యాడా, ఆటగాడు కాబట్టి ఆ బడికొచ్చాడా అన్నది వేరు చేసి చూడాలి. మీ పిల్లకి నిజంగా ఆ స్థాయి ఉంటే పదో తరగతికల్లా కాలేజీ కోచ్‌ల నుంచి ఉత్తరాలు మొదలవుతాయి. డివిజన్ 1కి 16 కోర్ కోర్సులు తప్పనిసరి, కౌన్సెలర్‌తో తొమ్మిదిలోనే జాబితా సరిచూసుకోండి.

ఐవీ లీగ్‌కి ఆటలు ఉపయోగపడతాయా?

ఐవీ లీగ్ కాలేజీలు ఆట స్కాలర్‌షిప్‌లు ఇవ్వవు. అయితే కోచ్ కోరుకున్న పిల్లలకి అడ్మిషన్‌లో ఊతం దొరుకుతుంది, అదీ చదువు బాగుంటేనే. కోచ్ కోరుకునే స్థాయి లేకుండా, నాలుగేళ్లు జేవీలో టెన్నిస్ ఆడినందుకు పెద్దగా తేడా రాదు. ఆడుతూ సంతోషంగా ఉంటే ఆడనివ్వండి. దరఖాస్తులో ఒక గీత నిండడం కోసమైతే ఆ గంటల్లో పిల్లలకి నిద్రైనా దక్కనివ్వండి.

మధ్యలో ఆట మానేస్తే సీటు పోతుందా?

పోదు. అడ్మిషన్ బడిలో, జట్టులో కాదు. ఆట ఫీజు వెనక్కి రాదు, తీసుకున్న యూనిఫాం, కిట్ తిరిగి ఇవ్వాలి, ఇవ్వకపోతే బిల్లు వస్తుంది. సీజన్ మధ్యలో ఒక జట్టు వదిలేస్తే ఆ సీజన్ ముగిసేదాకా ఇంకో ఆటలో చేర్చుకోకపోవచ్చు. కాబట్టి వీలైతే చివరి మ్యాచ్ దాకా ఉండమనండి. దెబ్బ తగిలినా, మనసు బాగా లేకపోయినా, జట్టులో ఎవరైనా ఏడిపిస్తున్నా ఆ లెక్క వద్దు, ఆ రోజే మాన్పించి అథ్లెటిక్ డైరెక్టర్‌కి ఈమెయిల్ రాయండి. ఫోన్‌లో చెప్పినా సరే, రాసింది మాత్రం దగ్గర పెట్టుకోండి.